శాటర్న్ అవార్డు, ఆస్కార్, సూపర్‌హీరో సినిమాల డబ్బు: ఓటు ఎవరిది, హక్కు ఎవరిది?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. ‘బాహుబలి 2’కీ, ఆ తర్వాత ‘ఆర్ఆర్ఆర్’కీ వచ్చిన శాటర్న్ అవార్డు నిజంగా పెద్దదేనా, లేక మనవాళ్లు ఊరికే ఊదరగొట్టారా? వందల కోట్ల డాలర్లు తెచ్చే సూపర్‌హీరో సినిమాలకు ఆస్కార్ ఎందుకు దక్కదు? ఈ మధ్య వరసగా ఫ్లాపులు పడుతున్నాయి కాబట్టి కామిక్ సినిమాల, అంటే బొమ్మల కథల పుస్తకాల నుంచి తీసే సినిమాల, వ్యాపారం పనైపోయినట్టేనా?

నేను పరిశ్రమ మనిషిని కాదు. పాతికేళ్లుగా ఈ సినిమాలు చూస్తూ, ఆ కామిక్స్ చదువుతూ, అవార్డుల జాబితాలు నెత్తిన పెట్టుకుని తిరిగిన అభిమానిని. ఇన్నేళ్లలో నాకు పట్టుబడింది ఒక చిన్న అలవాటు. అవార్డు వార్త కనిపిస్తే ‘ఓటేసింది ఎవరు?’ అని చూస్తాను. వసూళ్ల పోస్టర్ కనిపిస్తే ‘హక్కులు ఎవరి దగ్గరున్నాయి?’ అని చూస్తాను. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఈ రెండింట్లోనే దొరుకుతుంది.

ముందు శాటర్న్ సంగతి. దీన్ని ఇచ్చేది అకాడమీ ఆఫ్ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అండ్ హారర్ ఫిల్మ్స్. పేరులో అకాడమీ ఉంది కదా అని ఆస్కార్ అకాడమీకి చుట్టం అనుకోకండి. 1972లో డాక్టర్ డొనాల్డ్ రీడ్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. అంతకు పదేళ్ల ముందే కౌంట్ డ్రాకులా సొసైటీ పెట్టి నడిపిన మనిషి, అంటే మనలాంటి పిచ్చోడే. దెయ్యాల సినిమాలనీ, రాకెట్ల సినిమాలనీ ఎవరూ సినిమాలుగా లెక్కచేయట్లేదని ఆయన బాధ. ఆ బాధలోంచి పుట్టిన బహుమతి కాబట్టి దాని స్వభావం మొదట్నుంచీ అభిమాన సంఘం స్వభావమే. శని గ్రహం చుట్టూ వలయం లాగా ఫిల్మ్ రీలు చుట్టుకుని ఉండే ఆ బొమ్మ చూసినా ఆ సంగతి తెలిసిపోతుంది.

ఆ అవార్డు ఎలాంటిదో ఒక్క ముక్కలో తెలియాలంటే 1978 నాటి వేడుక వీడియో వెతికి చూడండి. ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ విలియం షాట్నర్ టక్సీడో వేసుకుని, స్టూలు మీద కూర్చుని, వేళ్ల మధ్య సిగరెట్ పెట్టుకుని ‘రాకెట్ మ్యాన్’ పాట అందుకుంటాడు. పాడడు. ఒక్కో మాటా ఏదో భయంకరమైన రహస్యం చెబుతున్నట్టు ఆగి ఆగి పలుకుతాడు. కాసేపటికి తెర మీద రెండో షాట్నర్ వస్తాడు, ఆ తర్వాత మూడోవాడు. ముగ్గురూ కలిసి ఊగుతుంటారు. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, ఆ పాట రాసిన బెర్నీ టాపినే వేదికెక్కి దీన్ని పరిచయం చేశాడు. దశాబ్దాలుగా లోకం దీన్ని చూసి నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. కానీ అందులో ఎక్కడా వెటకారం లేదు చూడండి, ఆయన మనస్ఫూర్తిగా చేశాడు. శాటర్న్ అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

మరి ఓటు ఎవరిది? ఆ సంస్థ సభ్యులది. సభ్యత్వం తెరిచే ఉంటుంది, రుసుం కట్టి ఎవరైనా చేరొచ్చు. దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. లాభం ఏమిటంటే, పెద్దమనుషుల మొహమాటాలు లేకుండా మంచి పనిని గుర్తుపడతారు. ‘ది ఫ్లై’లో మనిషి మెల్లగా ఈగగా మారిపోయే పాత్రలో జెఫ్ గోల్డ్‌బ్లమ్ చేసింది ఆ ఏడాది వచ్చిన గొప్ప నటనల్లో ఒకటి. ఆస్కార్ వాళ్లు మేకప్‌కి బహుమతి ఇచ్చి సరిపెట్టుకున్నారు, ఆయనకు నామినేషన్ కూడా లేదు. శాటర్న్ ఉత్తమ నటుడు అంది. ఇలాంటివి లెక్కపెడితే చాలా ఉన్నాయి. నష్టం ఏమిటంటే, అందర్నీ సంతోషపెట్టాలన్న తాపత్రయంలో విభాగాలు పెరుగుతూ పోయాయి. యాక్షన్, అడ్వెంచర్, థ్రిల్లర్ అంటూ విభాగం పెట్టి ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’కి ఇచ్చారు. మంచి సినిమానే, కానీ సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా, హారరా? నాకైతే అంతు చిక్కలేదు.

కామిక్ సినిమాలకు ఇక్కడ సొంత గది చాలా ఆలస్యంగా దొరికింది. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ శాటర్న్ గెలిచింది సైన్స్ ఫిక్షన్ విభాగంలో. అప్పట్లో కామిక్ సినిమాలు ఏడాదికి ఒకటి వస్తే గొప్ప, విడిగా విభాగం దేనికి? (సరదా విషయం: ఆ వేడుకలో లోయిస్ లేన్‌గా చేసిన మార్గో కిడర్ ఉత్తమ నటి అయింది. సూపర్‌మ్యాన్ క్రిస్టఫర్ రీవ్ మాత్రం వారెన్ బీటీ చేతిలో ఓడిపోయాడు.) 2014 వేడుక నాటికి గానీ కామిక్ చిత్రం అని వేరే పెట్టలేదు, మొదటిసారే ‘ఐరన్ మ్యాన్ 3’ పట్టుకుపోయింది. విడిగా గది కట్టారంటే గౌరవం ఇచ్చారనే అనుకోనక్కర్లేదు. మిగతా ఇంటిని వీళ్లు ఆక్రమించకుండా కూడా కడతారు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఇప్పుడు మన సినిమాలు. 2018లో ‘బాహుబలి 2’కీ, 2022 అక్టోబర్‌లో ‘ఆర్ఆర్ఆర్’కీ ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా శాటర్న్ వచ్చింది. ‘బాహుబలి 2’ గెలిచిన అదే వేడుకలో కామిక్ విభాగం ‘బ్లాక్ పాంథర్’ది. అంటే అమెరికాలో కత్తులూ, కోటలూ, సింహాసనాలూ ఇష్టపడే జనం మన సినిమాని వెతుక్కుని చూశారనీ, చూసి ఓటేశారనీ అర్థం. ‘ఆర్ఆర్ఆర్’ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఆ ఏడాది ఆస్కార్‌కి భారత్ అధికారికంగా పంపింది ‘ఛెల్లో షో’ని. ‘ఆర్ఆర్ఆర్’ జనరల్ విభాగాల్లో సొంతంగా తలపడాల్సి వచ్చింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ రావడానికి శాటర్నే కారణం అంటే అబద్ధం అవుతుంది. కానీ అక్కడి అభిమానుల్లో ఆ సినిమా మీద మోజు ఎంత ముదిరిందో చెప్పే గుర్తుల్లో అదొకటి. కాబట్టి నా తీర్పు: పోస్టర్ మీద వేసుకోవచ్చు, ఆస్కార్ పక్కన పెట్టి కొలవకూడదు. ఇది ఇష్టపడినవాళ్లు ఇచ్చిన బహుమతి. దాని విలువ దానిది.

అభిమానుల ఓటు అనగానే హ్యూగో అవార్డుల గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అందులో నేనొకసారి ఓటేశాను. హ్యూగో ప్రధానంగా సైన్స్ ఫిక్షన్ సాహిత్యానికి ఇచ్చేది. ఏటా జరిగే వరల్డ్‌కాన్ అనే అభిమానుల సదస్సు సభ్యులు ఓటేస్తారు. సదస్సుకు వెళ్లకపోయినా కొంత రుసుం కడితే ఓటు వస్తుంది. నేను కట్టింది మాత్రం ఓటు కోసం కాదు. నామినేట్ అయిన నవలలూ కథలూ చాలావరకు ఈ-బుక్స్‌గా ఓటర్లకు పంపిస్తారని తెలిసి, ఆ కక్కుర్తితో కట్టాను. తీరా బ్యాలెట్ తెరిచాక చెమటలు పట్టాయి. ఒక్కదానికి టిక్కు పెట్టి వదిలేయడం ఉండదు. ఒకటి, రెండు, మూడు అంటూ వరస ఇవ్వాలి. ఆ జాబితాలో ‘నో అవార్డ్’ అని ఒక గడి కూడా ఉంటుంది. అంటే ‘దీని కింద నేను పెట్టినవాటికి ఇవ్వడం కంటే అసలు ఎవరికీ ఇవ్వకపోవడం మేలు’ అని. నాకు బాగా ఇష్టమైన ఒక సిరీస్‌లో వచ్చిన చెత్త భాగాన్ని దాని కింద పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. పెట్టాను. ఇంట్లోవాళ్ల మీద పోలీసు కంప్లైంట్ ఇచ్చినట్టు అనిపించింది.

ఆ ‘నో అవార్డ్’ ఉత్త గడి అనుకునేరు. 2015లో కొన్ని వర్గాలు కూడబలుక్కుని తమ జాబితాలోవాళ్లకే నామినేషన్లు వచ్చేలా చేశాయి. దానికి మిగతా ఓటర్లు ఒళ్లు మండి, ఐదు విభాగాల్లో నో అవార్డ్‌నే గెలిపించారు. అంత కోపంలోనూ ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ సినిమా విభాగంలో గెలిచింది. అది కూడా ఆ వర్గాల జాబితాలో ఉన్నదే! జాబితా ఎవరిదైతే మాకేం, మాట్లాడే చెట్టూ తుపాకీ పట్టిన రకూనూ మాకు నచ్చాయి అన్నారు ఓటర్లు. అలాగని కామిక్ సినిమా కనిపిస్తే చాలు ఓటేసేస్తారనీ కాదు. 2009లో ‘ది డార్క్ నైట్’, ‘ఐరన్ మ్యాన్’, ‘హెల్‌బాయ్ 2’ మూడూ బరిలో ఉన్నాయి. గెలిచింది ‘వాల్-ఈ’, ఒక చెత్త ఏరే రోబో.

ఇక ఆస్కార్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ‘ఆస్కార్ వాళ్లు’ అని ఒక మనిషి ఉన్నట్టు మాట్లాడటం. అకాడమీలో నటులు, ఎడిటర్లు, కాస్ట్యూమ్ డిజైనర్లు, సంగీత దర్శకులు ఇలా వృత్తుల వారీగా శాఖలున్నాయి. నామినేషన్ దశలో నటుల్ని నటులే ఎంచుతారు, కాస్ట్యూమ్స్‌ని కాస్ట్యూమ్స్ వాళ్లే ఎంచుతారు. ఫైనల్‌లో అందరూ ఓటేస్తారు. అన్నిటికంటే పెద్ద శాఖ నటులది. ముఖానికి మాస్కు వేసుకుని, గ్రాఫిక్స్ కోసం కట్టే ఆకుపచ్చ తెర ముందు గాల్లో గుద్దులు విసిరే సినిమా మీద నటులకు ఎంత మోజు ఉంటుందో మీరే ఊహించండి. అందుకే ఈ సినిమాలు ఎప్పుడూ పక్క గుమ్మంలోంచే లోపలికొచ్చాయి. 1989 నాటి ‘బ్యాట్‌మ్యాన్’కి కళాదర్శకత్వం, ‘స్పైడర్‌మ్యాన్ 2’కి విజువల్ ఎఫెక్ట్స్, 2016 నాటి ‘సూసైడ్ స్క్వాడ్’కి మేకప్. అవును, ‘సూసైడ్ స్క్వాడ్’కి ఆస్కార్ ఉంది. ఇది చెప్పి స్నేహితులతో పందేలు గెలవొచ్చు.

బ్యాట్‌మ్యాన్ సినిమా ‘ది డార్క్ నైట్’ దగ్గర కథ మలుపు తిరిగింది. ఎనిమిది నామినేషన్లు వచ్చాయి, చనిపోయిన హీత్ లెడ్జర్‌కి సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది, ఉత్తమ చిత్రం జాబితాలో మాత్రం చోటు దక్కలేదు. అప్పుడు ఆ జాబితాలో ఐదు సినిమాలే. గోల గోల అయింది. కొన్ని నెలలకే, 2009 జూన్‌లో, జాబితాని పదికి పెంచుతున్నామని అకాడమీ ప్రకటించింది. కారణం బ్యాట్‌మ్యాన్ అని ఎక్కడా అధికారికంగా రాసుకోలేదు గానీ, అందరూ దాన్ని ఆ సినిమా పేరుతోనే చెప్పుకుంటారు. ఆ పెరిగిన చోట్లోకి ఒక సూపర్‌హీరో సినిమా రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. అదే ‘బ్లాక్ పాంథర్’.

ఈ మధ్యలో అకాడమీ చేసిన పిల్లచేష్టలు కూడా చెప్పాలి. 2018 ఆగస్టులో జనాదరణ పొందిన సినిమాకు వేరే ఆస్కార్ ఇస్తామన్నారు. అందరూ తిట్టిపోసేసరికి నెల తిరక్కుండానే అటకెక్కించారు. 2022లో ట్విట్టర్‌లో ఓటింగ్ పెట్టి అభిమానుల మెచ్చుకోలు అన్నారు. దర్శకుడు జాక్ స్నైడర్ అభిమానులు మూకుమ్మడిగా దిగి, ఆయన తీసిన ‘ఆర్మీ ఆఫ్ ది డెడ్’ని అభిమాన చిత్రంగానూ, ‘జస్టిస్ లీగ్’లో ఫ్లాష్ పరుగెత్తే ఘట్టాన్ని చప్పట్లు కొట్టించిన ఘట్టంగానూ గెలిపించారు. ఓటు ఎవరిదో చూసుకోకుండా డబ్బా పెడితే జరిగేది అదే. అకాడమీ మళ్లీ దాని ఊసెత్తలేదు.

‘బ్లాక్ పాంథర్’ గెలిచిన మూడు ఆస్కార్లు చూడండి: సంగీతం, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ డిజైన్. లుడ్విగ్ యోరాన్సన్, రూత్ కార్టర్, హన్నా బీచ్లర్. వకాండా అనే లేని దేశానికి బట్టలు కుట్టి, వీధులు కట్టి, డప్పు వాయించినవాళ్లకు ఇచ్చారు. రెండో భాగానికి కూడా రూత్ కార్టరే మళ్లీ గెలిచింది. అంటే మార్వెల్ స్టూడియోస్‌కి ఉన్న నాలుగు ఆస్కార్లూ వకాండావే. మరి కంప్యూటర్ గ్రాఫిక్స్ అంటే మార్వెల్, మార్వెల్ అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ అనుకుంటాం కదా? ఆ విభాగంలో ఈ స్టూడియోకి డజనుకు పైగా నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. ‘ఇన్ఫినిటీ వార్’ని చంద్రుడి మీదకెళ్లే ‘ఫస్ట్ మ్యాన్’ ఓడించింది, ‘ఎండ్‌గేమ్’ని ‘1917’ ఓడించింది. గ్రాఫిక్స్ కనిపించని సినిమాకే గ్రాఫిక్స్ ఓటు పడుతోంది. అటు ఆ పని చేసే కుర్రాళ్లు మాత్రం చివరి నిమిషం మార్పులతో రాత్రింబవళ్లు చాకిరీ చేసి విసిగిపోయి, 2023 సెప్టెంబర్‌లో మార్వెల్ విజువల్ ఎఫెక్ట్స్ సిబ్బంది యూనియన్‌కి ఏకగ్రీవంగా ఓటేశారు. నన్నడిగితే ఆ మొత్తం చరిత్రలో నాకు నచ్చిన ఓటు అదే.

బ్యాట్‌మ్యాన్ విలన్ మీద తీసిన ‘జోకర్’కి పదకొండు నామినేషన్లు, రెండు గెలుపులు వచ్చాయి కదా అంటారేమో. వచ్చాయి. అందులో సూపర్‌హీరో లేడు, ఎగరడం లేదు, ఆకుపచ్చ తెర పోరాటం లేదు. నటుల శాఖకు కావాల్సిన ఎముకలు తేలిన ఒళ్లు, కన్నీళ్లలోకి జారే నవ్వు ఉన్నాయి. ‘లోగన్’కి స్క్రీన్‌ప్లే నామినేషన్ వచ్చిందీ అలాంటి దారిలోనే. కామిక్ తొక్క ఎంత వలిస్తే ఆస్కార్ అంత దగ్గరవుతుంది. నాకు మాత్రం తొక్కతో ఉన్నవే ఇష్టం. ఫైట్ మాస్టర్లకు ఇన్నాళ్లూ విభాగమే లేదు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి ఆస్కార్ ఇస్తామని 2025లో ప్రకటించారు. ఈ రకం సినిమాలకు నిజంగా పనికొచ్చే మార్పు ఇదీ.

సరే, డబ్బు సంగతికి వద్దాం. ఇక్కడ అసలు నాటకం తెర మీద జరగదు, కాగితాల మీద జరుగుతుంది.

1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్ హక్కుల్ని 130 డాలర్లకు రాసిచ్చేశారు. (ఆ 130 కూడా కలిపి ఇచ్చిన పాత చెక్కు 2012లో వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. కాగితం ధర మనిషి ధరని మించింది.) కోర్టుల చుట్టూ తిరిగి, ముసలితనంలో కష్టాలు పడి, సినిమా రాబోతోందని తెలిసి గొడవ చేస్తే, తోటి ఆర్టిస్టులు అండగా నిలబడితే, 1975లో అప్పటికి ఆ హక్కులున్న వార్నర్ వాళ్లు ఏటా పెన్షన్ ఇచ్చి, వాళ్ల పేరు వేయడానికి ఒప్పుకున్నారు. ఈ ఒక్క కథ తెలిస్తే మిగతా పరిశ్రమ అంతా అర్థమవుతుంది.

మార్వెల్ కథ ఇంకో రకం. 1996 చివర్లో కంపెనీ దివాలా తీసింది. ఆ కాలంలో బతకడానికి పాత్రల సినిమా హక్కుల్ని ఎవరికి పడితే వాళ్లకు అమ్ముకున్నారు. ఎక్స్-మెన్ ఫాక్స్ స్టూడియోకి వెళ్లారు, స్పైడర్‌మ్యాన్ సోనీకి వెళ్లాడు. ఈ ఒప్పందాల్లో ఒక మెలిక ఉంటుంది: గడువులోపు సినిమా మొదలుపెట్టకపోతే హక్కు జారిపోతుంది. ఈ మెలిక ఎంత పని చేస్తుందో చూడాలంటే ‘ఫెంటాస్టిక్ ఫోర్’ కథ వినాలి. జర్మన్ నిర్మాత బెర్న్డ్ ఐషింగర్ దగ్గర ఆ హక్కులున్నాయి, 1992 చివరికి గడువు అయిపోతోంది. చేతిలో పెద్ద డబ్బు లేదు. తక్కువ ఖర్చు సినిమాల రాజు రోజర్ కోర్మన్‌ని పట్టుకుని, సుమారు పది లక్షల డాలర్లలో గబగబా చుట్టేయించాడు. నటులు ప్రాణం పెట్టి చేశారు, ఊరూరా తిరిగి సొంతంగా ప్రచారం కూడా చేసుకున్నారు. సినిమా మాత్రం ఎప్పటికీ థియేటర్‌కి రాలేదు. ప్రింట్లన్నీ కొనేసి పక్కన పడేశారు.

నేను చూసింది కాపీకి కాపీ తీసిన దొంగ క్యాసెట్. రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి, మాటలు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉన్నాయి. క్లైమాక్స్‌లో సాగే మనిషి పెళ్లి చేసుకుని కారులో వెళ్తుంటాడు. కారు పైకప్పు లోంచి పొడుగాటి చెయ్యి ఒకటి బయటికొచ్చి జనానికి టాటా చెబుతుంది. కర్రకి గ్లౌజు తొడిగి ఊపుతున్నారని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నేను ఆ షాట్‌ని వెనక్కి తిప్పి తిప్పి చూశాను. హక్కు నిలబెట్టుకోవడం కోసం ఊపిన చెయ్యి అది.

దివాలా నుంచి తేరుకున్నాక మార్వెల్ చేసిన పని నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. 2005లో మెరిల్ లించ్ అనే ఆర్థిక సంస్థ దగ్గర 52.5 కోట్ల డాలర్ల అప్పు తీసుకుని, తాకట్టుగా తమ పాత్రల్ని పెట్టారు. కెప్టెన్ అమెరికా, డాక్టర్ స్ట్రేంజ్, బ్లాక్ పాంథర్, ఆంట్-మ్యాన్ లాంటి పదింటిని. సినిమాలు ఆడకపోతే వాటి సినిమా హక్కులు అప్పులవాళ్లవి. తమాషా ఏమిటంటే మొదటి జాబితాలో ఐరన్ మ్యాన్ లేడు, అతని హక్కులు వేరేవాళ్ల దగ్గర్నుంచి అప్పుడే తిరిగొచ్చాయి. 2008లో ఆ ఐరన్ మ్యానే సుమారు 58 కోట్ల డాలర్లు వసూలు చేసి ఇంటిని నిలబెట్టాడు. మరుసటి ఏడాది డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మొత్తం కంపెనీనే కొనేసింది. ఆ తర్వాత ‘ఎండ్‌గేమ్’ ఒక్కటే దాదాపు 280 కోట్లు వసూలు చేసింది.

గ్రాస్ (టికెట్ల మొత్తం వసూళ్లు) వేరు, షేర్ (అందులో సినిమావాళ్ల చేతికొచ్చేది) వేరు అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ హాలీవుడ్ సినిమా దగ్గరికొచ్చేసరికి అందరం మర్చిపోతాం. ఉదాహరణకు ఒక సినిమాకి 25 కోట్ల డాలర్ల ఖర్చు, ఇంకో 15 కోట్ల ప్రచారం అనుకోండి. ప్రపంచమంతా కలిపి 60 కోట్లు వసూలైంది. చూడ్డానికి లాభమే. అమెరికాలో స్టూడియో చేతికి వచ్చేది సుమారు సగం, మిగతా దేశాల్లో ఇంకా తక్కువ, చైనాలో పావు వంతే. అంతా కలిపితే 27, 28 కోట్లు వస్తే గొప్ప. థియేటర్ల లెక్కలో చూస్తే పెద్ద గుంతే. ఆ గుంత తర్వాత ఓటీటీ, టీవీ, బొమ్మలు, టీషర్టులు పూడ్చాలి. బొమ్మల డబ్బు ఎవరికి వెళ్తుందన్నది మళ్లీ హక్కుల కాగితాన్ని బట్టి ఉంటుంది. స్పైడర్‌మ్యాన్ సినిమా టికెట్ల డబ్బు ప్రధానంగా సోనీది. స్పైడర్‌మ్యాన్ బొమ్మల డబ్బు డిస్నీ-మార్వెల్‌ది. ఈ రెండు ఇళ్లూ 2019లో వాటాల దగ్గర కొట్టుకుని, నెల రోజుల్లో మళ్లీ కలిసిపోయాయంటే ఆశ్చర్యం ఏముంది? విడిపోతే ఇద్దరికీ నష్టం. స్పైడర్‌మ్యాన్ లేని స్పైడర్‌మ్యాన్ ప్రపంచం అంటూ సోనీ ‘మేడమ్ వెబ్’, ‘క్రేవెన్’ లాంటివి తీయడం కూడా కళ కోసం కాదు. గోదాంలో ఉన్న సరుకు అమ్ముకోవడమే.

‘జోకర్’లో కూడా ఇదే. తక్కువ ఖర్చు సినిమా, 100 కోట్ల డాలర్లు దాటింది. కానీ రిస్కు భయంతో వార్నర్ ముందే భాగస్వాముల్ని పెట్టుకుంది కాబట్టి లాభంలో పెద్ద ముక్క వాళ్లకు పోయింది. రెండో భాగం దగ్గరికి వచ్చేసరికి ఖర్చు మూడింతలు దాటింది, వసూళ్లు సుమారు 20 కోట్ల దగ్గర ఆగిపోయాయి. మొదటిసారి భయపడి లాభం పంచుకున్నారు, రెండోసారి ధైర్యం చేసి దెబ్బ తిన్నారు.

రాసినవాళ్లకు, గీసినవాళ్లకు ఎంత వస్తుంది అంటారా? మార్వెల్ పాత్ర వింటర్ సోల్జర్‌ని సృష్టించిన ఇద్దరిలో ఒకరైన ఎడ్ బ్రూబేకర్ ఒక మాట అన్నాడు: ఆ పాత్రని సృష్టించినందుకు వచ్చినదానికంటే, సినిమాలో ఒక చిన్న సీన్‌లో కనిపించినందుకు నటుల యూనియన్ లెక్క ప్రకారం తనకు వచ్చిందే ఎక్కువని. మార్వెల్ పాత్ర వుల్వరిన్ సృష్టికర్తల్లో ఒకరైన లెన్ వీన్ కూడా, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల కామిక్స్ కంపెనీ డీసీలో తను రాసిన లూషియస్ ఫాక్స్ అనే చిన్న పాత్ర మీదే ఎక్కువ వచ్చిందన్నాడు. ఎందుకంటే డీసీ కాగితంలో సృష్టికర్తకు కొంత వాటా రాసి ఉంది. బ్యాట్‌మ్యాన్ పుట్టుకలో సగం పాలున్న బిల్ ఫింగర్ పేరు పెద్ద తెర మీద పడింది 2016లో, ఆయన చనిపోయిన నలభై ఏళ్లు దాటాక.

పనైపోయిందా అన్న మీ చివరి ప్రశ్న. 2023 నిజంగానే పాడు సంవత్సరం. ‘ది మార్వెల్స్’ సుమారు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగి, మార్వెల్ స్టూడియోస్ చరిత్రలో అట్టడుగున నిలిచింది. ‘ది ఫ్లాష్’ కూడా మునిగింది. అంతకు ముందు ఏడాది ‘బ్యాట్‌గర్ల్’ని దాదాపు పూర్తయ్యాక కూడా విడుదల చేయకుండా, పన్ను తగ్గించుకోవడానికి నష్టం కింద రాసేసుకున్నారు. దానికంటే కోర్మన్ సినిమా నయం, దొంగ క్యాసెట్ అయినా మిగిలింది. కానీ 2024లోనే ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ 130 కోట్లు దాటింది. దానికి తోడు డిస్నీ తనే తగ్గి, ఏడాదికి రెండో మూడో సినిమాలు చాలంది. నాకు కనిపించేది ఏమిటంటే, ఏది తీసినా చూసేస్తారన్న రోజులు పోయాయి, పాత్ర మీద మనసుంటేనే వస్తున్నారు. 2000 ముందు ఎప్పుడూ ఇలాగే ఉండేది. హక్కులున్న కంపెనీలు మాత్రం ఎక్కడికీ పోవు. పాత్రకి వయసు రాదు, జీతం అడగదు.

ఒకటి మాత్రం చెప్పి ఆపుతాను. 2025లో డిస్నీ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మళ్లీ తీసింది. థియేటర్‌లో చూస్తుంటే గుంపులో కొన్ని ముఖాలు ఎక్కడో చూసినట్టు అనిపించాయి. బయటికొచ్చాక వెతికితే తెలిసింది, ముప్పై ఏళ్ల కిందట కోర్మన్ సినిమాలో చేసిన ఆ నలుగురు నటుల్నీ పిలిచి కొన్ని క్షణాలు చూపించారని. ఆ రాత్రి ఆ పాత క్యాసెట్ మళ్లీ పెట్టి, కారు పైకప్పు మీద ఊగే గ్లౌజు దాకా చూశాను.